నీటి వెంట నడక



బెజవాడలో రైలెక్కినవాడు గంటలోపుననే తెనాలిలో దిగును. నేనొక యేటి తొలకరిలో ఆ కొద్ది దూరమునకు మూడు దినములు తీసికొంటిని. సీతానగరము వద్ద పశ్చిమ కాలువకు నీరు వదలిన ఉదయమున గట్టుమీది కెక్కి, దుగ్గిరాల, తెనాలి మీదుగా నిజాంపట్నము వైపు నడచిపోతిని. ఒక సంచి, ఒక గొడుగు, ఇంతే నా సన్నాహము. ఈ శ్రమ ఎందుకని మిత్రులు నవ్విరి. వారికి నేనియ్యదలచిన సమాధానమే నేటి ప్రసంగము.

మెల్లగా ప్రయాణించుట మనవారికి క్రొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, కాశి సేవించి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. ఆ పదునైదు మాసములలో తాము చూచిన మజిలీలు, దారులు, అంగళ్లు, నీటి వసతులు వ్రాసి మిత్రునకు పంపిరి. అదియే కాశీయాత్రాచరిత్ర. సవారీలో కూర్చున్నను బోయీల నడకయే వారి వేగము. అట్లు పోవువానికి రాత్రి బసకు ముందు మంచినీరు కావలెను. కావుననే ఊరూర నీటి సంగతి వారి కంటబడినది.

మన కాలువలును ఒకనాడు బాటలే. 1852 మొదలు 1855 వరకు, కాటను దొర ప్రోత్సాహముతో, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యవమున బెజవాడ ఆనకట్ట లేచినది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆనకట్ట క్రింది పెద్ద కాలువలను సాగుకే గాక పడవలకును అనువుగా త్రవ్వించిరి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతోను, కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాం కాలువతోను కలిసినవి. ఆ దినములలో కాకినాడలో పడవ ఎక్కినవాడు చెన్నపట్టణము దాక నీటిమీదనే పోగలిగెడివాడు. గాలి యున్న తెరచాప ఎత్తెడివారు. లేనినాడు గట్టుమీద మనుష్యులు తాడు పట్టి లాగెడివారు. రైళ్లు, లారీలు వచ్చిన పిమ్మట ఆ పడవలు నిలిచిపోయినవి. 2008లో ఆ దారిని జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని, నా నడకలో ఒక్క సరుకు పడవయు నాకు ఎదురుకాలేదు.

పడవలు పోయినను లాకులు మిగిలినవి. ఎగువ నుండి దిగువకు పోవు పడవ మొదట రెండు జతల తలుపుల నడుమనున్న తొట్టిలో ప్రవేశించును. వెనుక తలుపులు మూసి, ముందరి తూములు తెరచినచో, తొట్టిలోని నీరు మెల్లగా తగ్గి దిగువ మట్టముతో సమమగును. అప్పుడు ముందరి తలుపులు సులువుగా విచ్చుకొనును. బల్లపరుపుగా కనబడు ఈ నేలకు వాలు కలదని నాకు లాకుల వద్దనే తెలిసినది. ఆ వాలే డెల్టాకు అన్నము పెట్టుచున్నది. ఎగువవాడు ముందు, దిగువవాడు వెనుక అను తగవును ఆ వాలే తెచ్చినది.

మొదటి రెండు దినములు నీరు నాతో నడచినది. తూముల వద్ద రైతులు పారలతో నిలిచి, నారుమళ్లకు నీరు మళ్లించుకొనుచుండిరి. నాలుగవనాటికి కాలువలో ధార సన్నగిల్లెను. ఏడవనాడు శివారు గ్రామమొకటి చేరునప్పటికి కాలువ అడుగున నెఱ్ఱెలే కనబడినవి.

చెట్టు నీడనున్న ఒక రైతు నన్ను చూచి, "ఏమండీ, బస్సు తప్పిందా?" అని యడిగెను.

"లేదు, సీతానగరం నుంచి నీళ్లతోపాటు నడిచి వస్తున్నాను," అంటిని.

అతడు కాలువ వైపు చూచి, "మీరు వచ్చేశారు. నీళ్లే ఇంకా రాలేదు," అనెను.

నాకు మాట తోచలేదు. సముద్రము చేరువగుటచే అచ్చట బోరు వేసిన ఉప్పునీరే పడును. మంచినీటి చెరువును నింపవలసినదియు ఆ కాలువయే, చెరువు అడుగంటియుండెను. నా దప్పిక తీర్చుటకు అతడు డబ్బా నుండి చెంబులోనికి వంచినది కొని తెచ్చిన నీరు. అది త్రాగుటకు నాకు సిగ్గు కలిగినది. త్రాగకుండుట అతనికి అవమానమగునని త్రాగితిని.

తిరుగు ప్రయాణమునకు బస్సెక్కితిని. ఏడు దినముల దారి కొన్ని గంటలలో వెనుకకు పోయెను. కిటికీలో నుండి చూడగా డెల్టా అంతయు ఒకే పొలమువలె నుండెను. ఎచ్చట నీరు ఆగినదో, ఎవరు ఎదురుచూచుచున్నారో ఆ కిటికీకి తెలియదు.

ఎగువ గ్రామములలో ఈ ప్రసంగము వినుచున్న రైతు సోదరులకు నా మనవి ఒక్కటే. తీరికయైన యొక దినమున మీ తూము వద్ద బయలుదేరి, కాలువ వెంట దిగువకు మీ కాళ్లతో నడచి చూడుడు. మీ మడి తడిసిన పిమ్మట తూము మూయుటకు వేరొకరు చెప్పవలసిన పని యుండదు.