గట్టుమీద గాలం

గాలం పట్టుకొని చెరువుగట్టున కూర్చున్నవాడంటే మన ఇళ్ళల్లో పెద్దలకు సదభిప్రాయం లేదు. పనీపాటా లేనివాడన్నదే వారి తీర్పు. భాష కూడా వారి పక్షమే. ఎర వేయడం, గాలం వేయడం, గాలానికి చిక్కడం – ఎవరో ఎవరినో మోసగించదలచినప్పుడే ఈ మాటలు మన నోట వస్తాయి.

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మాత్రం అలా అనుకోలేదు. 12వ శతాబ్దిలో ఆయన సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో “మత్స్యవినోదం” అని ఒక ప్రకరణమే వుంది. ఏ చేప ఎలాంటిది, దానికి ఏ మేత యిష్టం, గాలం ఎలా వేయాలి – ఇవన్నీ ఆ రాజు ఓపికగా చెప్పుకొచ్చాడు. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఆ ప్రకరణం మీద ఒక వ్యాసం ప్రకటించాడు. కల్యాణి ఎక్కడో లేదు. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే. కనుక గాలం వేసేవాణ్ణి ఎవరైనా సోమరి అంటే, “మా వెనుక ఒక మహారాజు వున్నాడండీ” అని జవాబు చెప్పవచ్చు.

షంషాబాదు అనగానే నేడు అందరికీ విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది. అది తెరిచింది 2008 మార్చిలో. కాని దానికి వాయవ్యంగా, ఔటర్ రింగురోడ్డు చేరువనే, అంతకు చాలాముందునుంచీ ఒక పెద్ద నీటిపట్టు వుంది. అదే హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన సంగతి చాలామంది విన్నదే. మళ్ళీ అలాంటి ముప్పు రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిచ్చిన సలహాను అనుసరించి మూసీమీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ వెలిశాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయినాయి. నగరాన్ని వరదనుంచి కాపాడడం, నగరానికి దాహం తీర్చడం – ఈ రెండూ వాటి ఉద్యోగాలు. వీటికి తోడు షంషాబాదు చుట్టుపట్ల పల్లెల్లో చిన్న చెరువులు, కుంటలు వున్నాయి. గట్టున నిలబడి గాలం వేసేవాడికి ఈ చిన్న నీళ్ళే అసలైన బడి.

ఈ బడిలో మొదటి పాఠం చిన్న చేప. అమెరికావారు వీటికి ముద్దుగా “పాన్ ఫిష్” అని పేరు పెట్టుకున్నారు. ముక్కలు చేయనక్కరలేకుండా మొత్తంగా పెనంలో పట్టే చేప అని అర్థం. మనం హాయిగా పెనం చేప అనవచ్చు. మన చెరువుల్లో ఆ పేరుకు తగినవి పక్కెలు, జెల్లలు, వాటికన్న ఎక్కువగా తిలాపియా.

ఈ తిలాపియా మనది కాదు. ఆఫ్రికా ఖండపు చేప. షంషాబాదులో విమానాలు దిగడానికి అర్ధశతాబ్దం ముందే, 1952లో, ఇది మన దేశంలో దిగింది. పేదవాడికి చవకగా మాంసకృత్తులు అందుతాయన్న సదుద్దేశంతోనే తెచ్చారు. అతిథిగా వచ్చినది యింటి పెత్తనం తీసుకున్నట్టు, అది మన నీళ్ళలో విపరీతంగా పెరిగిపోయి, స్థానికమైన చేపల తిండినీ తావునూ ఆక్రమించుకుంది. మొట్టమొదట వచ్చిన మొజాంబిక్ తిలాపియా ప్రపంచంలోని నూరు చెడ్డ చొరబాటు జాతుల పట్టికలో చేరింది. కాబట్టి దాన్ని పట్టి పులుసు పెట్టుకున్నవారు చెరువుకు అపకారం చేసినట్టు కాదు. కాని ప్రాణంతో మరొక కుంటలో మాత్రం వదలకూడదు.

మన పల్లెల్లో గాలమంటే వెదురుకర్ర, దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన ఎర్ర. ఇందులో వాసనా రుచీ వున్న నిజమైన ఆహారం చేపకు చూపుతాం. కృత్రిమమైన ఎర సంగతి వేరు. అది తినేది కాదు; తళుక్కుమనే రేకుముక్క, రంగు ఈక, మెత్తని రబ్బరు పురుగు. 19వ శతాబ్దిలో అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన పడవలో కూర్చొని భోంచేస్తూ చెంచా నీళ్ళలో జారవిడిచాడనీ, మెరుస్తూ మునుగుతున్న ఆ చెంచామీదికి ఒక చేప వురికిందనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా వున్నా, 1852లో ఆయన అలాంటి ఎరకు పేటెంటు పొందాడు. నేటికీ ఆ జాతి ఎరను చెంచా అనే పిలుస్తారు.

తినలేని రేకును చేప ఎందుకు పట్టుకుంటుంది? చేపకు కళ్ళతోబాటు ఒంటికి రెండు ప్రక్కలా పార్శ్వరేఖ అనే యింద్రియం వుంది. నీటిలోని చిన్న కదలికను కూడా అది పసిగడుతుంది. దెబ్బ తిన్న చిరుచేప ఎలా తడబడుతుందో రేకు అలాగే కదిలితే, చేప ముందు నోటితో పట్టుకొని తరువాత ఆలోచిస్తుంది. దానికి చేతులు లేవు గదా, నోటితోనే తాకి చూడాలి!

పెనం చేప నోరు చిన్నది. అందుచేత ఒకటి నుంచి మూడు గ్రాముల లోపు ఎర చాలు; రెండు మూడు కిలోల బరువు ఆగే సన్నని నైలాను దారం చాలు; ఆరడుగుల పలుచని కర్ర చాలు. కొత్తవారు సాధారణంగా బలమంతా వుపయోగించి చెరువు నడిమికి విసురుతారు. చిన్న చేప అక్కడ తక్కువ. తుంగ, నాచు, మునిగిన కంప, రాళ్ళు – ఇలాంటి చాటున గట్టు దగ్గరే వుంటుంది. కనుక గట్టు వెంబడి, అడ్డంగా విసరాలి. తెల్లవారుజామున, పొద్దు వాటారే వేళ అది ఒడ్డుకు వస్తుంది. ఎండ ముదిరితే లోతుకు పోతుంది. ఏ చోట వేయాలో తెలియకపోతే లకుముకి పిట్టను అడగండి. అది పదేపదే ఒకే కొమ్మమీద వాలుతున్నదంటే క్రింద చిరుచేపలు వున్నాయన్నమాట.

ఎర పడ్డాక తొందరపడి చుట్టకూడదు. మునగనిచ్చి, కొంచెం లాగి, ఆపాలి. మళ్ళీ లాగి, మళ్ళీ ఆపాలి. చాలా చేపలు పట్టేది లాగినప్పుడు కాదు, ఆపినప్పుడు. దారం ఉలిక్కిపడగానే మణికట్టు కొద్దిగా ఎత్తితే సరి. గట్టిగా గుంజితే లేత నోరు చిరుగుతుంది. జెల్ల రెక్కకు వున్న ముల్లు గుచ్చుకుంటే చాలాసేపు సలుపుతుంది, పిల్లలను ముట్టుకోనివ్వకండి.

ఇంతవరకు విద్య. ఇక ధర్మం.

తిలాపియా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకొని పొదుగుతుంది. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తరువాత కూడా, ఏదైనా భయం కలిగితే అవి గబగబా తల్లినోట్లో దూరతాయి. ఆ రోజుల్లో తల్లి దాదాపు తిండి ముట్టదు. కనుక గాలానికి తగలడం అరుదు. ఆ మూసిన నోరే దానికీ బిడ్డలకూ రక్ష.

మన కొర్రమీను అలా కాదు. తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవం పొందిన చేప యిది. మృగశిర కార్తెనాడు చేప తినడం యిక్కడ ఆచారం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసరోగులకు చేపమందు యిచ్చేదీ ఆ రోజుల్లోనే. మందు పెట్టి మింగించేది సాధారణంగా కొర్రమీను పిల్లనే. సరిగ్గా ఆ తొలకరి వానలతోనే కొర్రమీను పిల్లలను పెట్టే కాలం మొదలవుతుంది. పిల్లలు వందలకొద్దీ ఒక గుంపుగా, నీటిమీద ఎర్రని వస్త్రం పరిచినట్టు కదులుతాయి. గాలి పీల్చడానికి గుంపంతా పైకి వచ్చి పోతూ వుంటుంది. తల్లీతండ్రీ క్రిందనే కాపలా కాస్తుంటాయి.

ఇది తెలిసిన వేటగాడు రబ్బరు కప్పను తెచ్చి సరిగ్గా ఆ ఎర్రని గుంపుమీద పడేట్టు విసురుతాడు. నీరు చిట్లుతుంది, పెద్ద చేప చిక్కుతుంది. చూసేవారు చప్పట్లు కొడతారు. కాని ఆ చేప నోరు తెరిచింది ఆకలితో కాదు. తన పిల్లలమీద పడ్డ శత్రువును తరమడానికి తెరిచింది. దాన్ని సంచిలో వేసుకొని మనం యింటికి పోతే, కాపలా తగ్గిన ఆ పిల్లలను ఇతర చేపలు, నీటికాకులు ఎక్కువకాలం బ్రతకనివ్వవు. ఒక కూర కోసం రాబోయే ఏళ్ళ కొర్రమీనులను పోగొట్టుకున్నట్టే. నీళ్ళను నమ్ముకొని బ్రతికే గంగపుత్రులకు, ముదిరాజులకు ఆ నష్టం లెక్క మనకన్న బాగా తెలుసు. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల వారి సహకార సంఘాలదే. కనుక కర్ర విప్పకముందు వారి అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, న్యాయం కూడా. జలాశయాల దగ్గర అధికారుల నిబంధనలు కనుక్కొనే దిగాలి. 2020 అక్టోబరులోలాగా గేట్లు ఎత్తే వానల్లో ఆ దరిదాపులకే పోరాదు.

వదలదలచిన చేపను తడిచేతితోనే పట్టుకోవాలి. పొడిచేయి దాని ఒంటిమీది జిగురుపొరను లాగేస్తుంది. కొక్కేనికి వున్న ఎదురుముల్లును పట్టకారుతో ముందే నొక్కేస్తే నోరు చిరగకుండా సులువుగా వూడి వస్తుంది. తెగిన నైలాను దారం ఏళ్ళ తరబడి కుళ్ళదు. కొంగల కాళ్ళకు వురి అవుతుంది. దాన్ని చుట్టి జేబులో వేసుకోండి. త్రాగే నీళ్ళలో సీసపు గుండ్లు వేయకండి, ఇత్తడివి దొరుకుతాయి.

ఒక ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. నాలుగు తిలాపియాలు దొరికితే చింతపండు పులుసులో వేయవచ్చు. దొరకకపోతే యింట్లో పప్పు ఎలాగూ వుంటుంది. కాని నీటిమీద ఎర్రని గుంపు కనిపించిన క్షణాన మాత్రం కర్ర దించి, దాన్ని పిల్లలకు చూపించండి. క్రింద ఎవరు కాపలా కాస్తున్నారో చెప్పండి. ఆ రోజు వాళ్ళు నేర్చుకోవలసిన వేట అంతే.