ఇంట్లో పురుగుమందు... ఒంట్లోకి ఎంత?

పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా అటక మీద ఉంటుంది. స్ప్రేయరు వరండాలో గోడకు ఆనించి ఉంటుంది. పిచికారి చేసిన చొక్కా దండెం మీద పిల్లల బట్టల పక్కనే వేలాడుతుంది. ఇవి చాలవన్నట్టు చెదలకు గుమ్మాల దగ్గర పోసిన మందు, రాత్రికి దోమల కాయిల్. చేలో మందు కొట్టేది ఒక్కరే అయినా ఇంట్లో దాన్ని పీల్చేది అందరూ. మరి ఒంట్లోకి ఎంత చేరిందో తెలిసేదెలా?

వాసన పోయింది కదా అని ధైర్యపడితే లాభం లేదు. ఘాటు వాసనలో కొంత మందును కరిగించిన ద్రావకానిదే. అది ముందు ఆరిపోతుంది, మందు మాత్రం నేల మీద, దుమ్ములో మిగులుతుంది. చేలో అయితే ఎండ, వాన, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. ఇంట్లో ఈ మూడూ తక్కువే. పాకే పిల్లలు నేలనంటిన చేతినే నోట్లో పెట్టుకుంటారు.

అమెరికాలో 1986-88లో జాక్సన్‌విల్, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రెండు ఊళ్లలో ఇళ్ల లోపలి గాలిని, బయటి గాలిని కొలిచి చూశారు. చాలా మందులు ఇంట్లోని గాలిలోనే ఎక్కువగా తేలాయి. తర్వాత న్యూయార్క్‌లో గర్భిణుల వీపుకు గాలిని పట్టే చిన్న సంచి తగిలించి, రెండు రోజులపాటు వాళ్లు పీల్చే గాలిని పరీక్షించారు. 2001 చివరికల్లా అక్కడ ఇళ్లకు క్లోరిపైరిఫాస్ అమ్మకం ఆపేశాక ఆ గాలిలో దాని మోతాదు బాగా తగ్గింది. మన దగ్గర చెదలకు పోసే మందుల్లో అదీ ఒకటి.

గాలి, దుమ్ము పరీక్షలు ఇంట్లో ఎంత ఉందో చెబుతాయి. ఒంట్లో సంగతి చెప్పేవి రక్తం, మూత్రం.

రైతుకు అందుబాటులో ఉన్నది కోలినెస్టరేస్ అనే రక్తపరీక్ష. పెద్ద ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో చేస్తారు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు ఒంట్లో చేరితే ఈ ఎంజైము పని తగ్గిపోతుంది. అయితే ఒక్కసారి చేయిస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. మామూలుగానే ఇది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మొదట 10,000 యూనిట్లు ఉన్న మనిషికి 6,000కు పడిపోయినా చీటీలో 'నార్మల్' అనే రావచ్చు. కానీ పోయింది నూటికి 40 వంతులు!

అందుకే మందు ముట్టని రోజుల్లో, కనీసం నెల రోజులు దూరంగా ఉన్నాక, మొదటి పరీక్ష చేయించి చీటీ దాచుకోవాలి. పిచికారీల మధ్య మళ్లీ అదే ల్యాబులో చేయించి పోల్చుకోవాలి. కాలిఫోర్నియాలో మందు పనివారికి సీరం అంకె మొదటిదానిలో 60 శాతానికి పడితే పని మాన్పిస్తారు. 80కి చేరాకే మళ్లీ రానిస్తారు. ఇంటిల్లిపాదికీ చేయించే స్తోమత లేకపోతే మందు కొట్టేవారికి, ఆ బట్టలుతికే ఇల్లాలికైనా చేయించడం మంచిది.

ఈ పరీక్షకు అందనివీ ఉన్నాయి. దోమల కాయిల్‌లోని పైరిత్రాయిడ్లు ఇందులో తేలవు. వాటి జాడ మూత్రంలో ఒకటి రెండు రోజులే కనబడుతుంది, ఆ పరీక్ష ఎక్కువగా పరిశోధనల్లోనే చేస్తారు. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల విషవాయువూ తేలదు. ఆ బిళ్లలు పెట్టిన బస్తాలున్న గదిలో పడుకోవడమే ప్రమాదం. కాలేయ జబ్బున్నవారికి, గర్భిణులకు మందు సోకకపోయినా అంకె తగ్గుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

చొంగ కారుతూ, చెమటలు పోస్తూ, కంటిపాపలు చిన్నవైతే మాత్రం పరీక్ష కోసం ఆగవద్దు. మందు డబ్బా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేరు తెలిస్తే డాక్టరుకు విరుగుడు ఎంచుకోవడం తేలిక.