నీళ్లొచ్చాయి... నడుములు నిలవాలి

దశాబ్దాలుగా ఫ్లోరైడ్ మీద ప్రపంచానికి పాఠాలు నేర్పిన నేల నల్లగొండ. రామన్నపేట నుంచి మర్రిగూడ దాకా ఆ పాఠాల ఫలితం ఎవరికి అందింది? ఇంకా ఎవరికి బాకీ ఉంది?

1955 డిసెంబర్ 10, శనివారం. కృష్ణ ఒడ్డున నందికొండ దగ్గర జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. అదే తేదీతో లండన్‌లో వెలువడిన బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచికలో ‘నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్’ అనే వ్యాసం అచ్చయింది. రాసినవారు హైదరాబాదు వైద్యుడు ఎ.హెచ్. సిద్దిఖీ. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన 32 మందిని పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, వాళ్ల ఒంట్లో ఏం జరిగిందో ఆయన లోకానికి చెప్పారు.

జిల్లాకు మంచి నీళ్లు తెస్తామన్న మాట, ఉన్న నీళ్లు మనుషులను ఏం చేస్తున్నాయో చెప్పిన సాక్ష్యం ఒకే రోజున నమోదయ్యాయి. మాటకు, సాక్ష్యానికి మధ్య దూరం తగ్గడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ అరవై ఏళ్లలో రెండు తరాల నడుములు వంగిపోయాయి.

రామన్నపేట బీబీనగర్–నడికుడి రైలుమార్గంలో వలిగొండ దాటాక వచ్చే ఊరు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది గానీ నేల మాత్రం పాత నల్లగొండదే. చౌటుప్పల్, నారాయణపురం, మునుగోడు, చండూరు, మర్రిగూడ... ఈ చుట్టుపక్కల ఏ పెళ్లికి వెళ్లినా పెద్దవాళ్లు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ‘ఫ్లోరిన్ నీళ్లు’ అన్న మాట ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఆ నీళ్ల మీద జరిగిన పరిశోధన గురించి. ఎందుకంటే అది ఇంకా ముగియలేదు, ముగియకూడదు కూడా.

ముందు కుంటింది పశువులు

ఈ జబ్బు తొలి జాడ మనుషుల్లో దొరకలేదు. నిజాం రాజ్యంలోని కొన్ని ప్రాంతాల్లో పశువులకు ఇలాంటి జబ్బు ఉందని 1934లో మహాజన్ అనే పరిశోధకుడు నివేదించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో మనుషులను పరిశీలించి, ఇది ఫ్లోరోసిస్ అని మన దేశంలో మొదటిసారి పేరు పెట్టి చెప్పారు. మన దగ్గర మర్రిగూడ మండలం బట్లపల్లిలో 1945లో దీన్ని గుర్తించారని జిల్లాలో చెబుతారు. పదేళ్లకు సిద్దిఖీ వ్యాసం వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలోనే కారణం తెలుసు, ఊళ్లు తెలుసు, నివారణ కూడా తెలుసు. లేనివల్లా మంచి నీళ్లే.

తప్పు రాతిది కాదు

నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు. అందులోని బయొటైట్, ఆంఫిబోల్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాయి శిథిలమవుతున్న కొద్దీ అది నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. నారాయణపురం దగ్గరి వాయిలపల్లి పరీవాహక ప్రాంతంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, బ్రిటన్ శాస్త్రవేత్తతో కలిసి చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. అక్కడి భూగర్భ జలాల్లో లీటరుకు 7.6 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ కనిపించింది. భారతీయ ప్రమాణం ప్రకారం అది 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు.

ఆ అధ్యయనంలో ఊరివాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నీళ్లలో కాల్షియం ఉన్నంతసేపూ ఫ్లోరైడ్‌ను పెరగనివ్వదు. మన మెట్ట నేలల్లో ఎండకు నీరు ఆవిరై, కాల్షియం సున్నపు కంకరగా నేలలోనే పేరుకుపోతుంది. నీళ్లలో సోడియం మిగులుతుంది, ఫ్లోరైడ్‌కు అడ్డు తొలగుతుంది. అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లు బాగుంటే పక్క బోరు నీళ్లు విషమవుతాయి. నీళ్లు తేటగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా అన్న దాన్నిబట్టి ఫ్లోరైడ్ సంగతి తేల్చలేం. దానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

ఎముక గట్టిపడితే బలం కాదు

తాగిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. ఎదిగే పిల్లల ఎముకలు దాన్ని మరింత ఎక్కువగా పట్టి ఉంచుకుంటాయి. పళ్లకు పింగాణీ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్ల మీద ముందు సున్నం లాంటి తెల్లమచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు వస్తాయి. ఆ చారలు తోమితే పోవు. పంటి లోపలే ఏర్పడ్డవి.

పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ పని ఎముకల మీద సాగుతుంది. ఎముక దళసరి అవుతుంది, కానీ పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే బంధనాలకు, బిందె అడుగున గార కట్టినట్టు, కాల్షియం పడుతుంది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివరి దశలో వెన్నుపాము నడిచే దారి ఇరుకై, నరాలు నలిగి, కాళ్లు చచ్చుబడతాయి. ఈ నరాల దెబ్బను సిద్దిఖీ 1970లో మరో వ్యాసంలో వివరించారు. హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు దీన్నే అధ్యయనం చేశారు. ఫ్లోరోసిస్ నరాలను ఎలా దెబ్బతీస్తుందో ప్రపంచ వైద్య గ్రంథాలు ఈ జిల్లా రోగుల నుంచి కూడా నేర్చుకున్నాయి.

జొన్నరొట్టె, మోకాళ్లు

1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో కొత్త సంగతి బయటపెట్టారు. ముసలివాళ్ల నడుములే కాదు, ఎదిగే వయసు పిల్లల కాళ్లూ వంగిపోతున్నాయి. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు దూరం జరిగిపోతున్నాయి. అలాంటి పిల్లలు ఎక్కువగా జొన్న తిని బతికే పేద ఇళ్లలోనే ఉన్నారు.

ఎందుకిలా అన్న ప్రశ్నకు ఆ సంస్థ వాళ్లు తెచ్చిన వాదన అప్పట్లో పెద్ద చర్చ రేపింది. సాగర్ జలాశయం వల్ల చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరిగి నేల క్షారగుణం మారిందని, అందువల్ల జొన్న గింజల్లో మాలిబ్డినం పెరిగిందని, అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తోందని వాళ్లు లెక్కకట్టారు. రాగి తగ్గితే ఎముక పటుత్వం పోతుంది. అటుపై 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య మరో ముక్క కలిపారు. వరి తిన్నప్పటికన్నా జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతోందని చూపించారు.

ఇది జొన్న మీద నింద కాదు. మంచి నీళ్లున్న చోట జొన్నరొట్టె, గటక తిని తరాలు గట్టిగా బతికాయి. ఆ పరిశోధన చెప్పిన అసలు సంగతి వేరు. ఫ్లోరోసిస్ నీళ్ల జబ్బు మాత్రమే కాదు, పేదరికం కూడా అందులో ఉంది. ఒకే బోరు నీళ్లు తాగినా పాలు, పెరుగు, కూరలు అందే ఇంట్లో పిల్లవాడు కొంత తట్టుకుంటాడు. కాల్షియం అందని కూలి ఇంటి పిల్లవాడు ముందు వంగిపోతాడు.

జిల్లా పేరు దేశాలు దాటింది

నీళ్లను శుద్ధి చేయడానికీ ఈ జిల్లా పేరే స్థిరపడింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నవ్‌లఖే, బులుసు తదితరులు 1975లో ప్రకటించిన పద్ధతిని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్లకు ఈ పేరు తెలుసు.

పద్ధతి చాలా మామూలుది. నీళ్లలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. మొదట వేగంగా, తర్వాత నిమ్మళంగా. తెల్లటి మెత్తని తెట్టెలు ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు వడకట్టుకుని తాగొచ్చు. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. చిక్కల్లా రోజువారీ నిర్వహణలో వచ్చింది. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. లెక్క తప్పితే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, లేదా నీళ్లలో అల్యూమినియం పెరుగుతుంది. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలో తెలియదు. పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలు రోజూ ఇంత లెక్క చూసుకుని బిందె నింపుకోవాలంటే జరిగే పని కాదు. జబ్బు ఊరందరిదైనప్పుడు మందు బాధ్యత ఒక్కో ఇంటి మీద వదిలేస్తే ఏమవుతుందో ఈ పద్ధతి చూపించింది.

చారులో చింతపండు

అందరికీ నచ్చే సంగతి చింతపండుది. జాతీయ పోషకాహార సంస్థలో అర్జున్ ఖండారే బృందం 2002లో ప్రచురించిన పరీక్షలో కొందరు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. మన పచ్చిపులుసుకు, చారుకు శాస్త్రం మద్దతు దొరికినట్టే. కాకపోతే చింతపండు తింటే జబ్బు పోతుందని ఎవరూ అనుకోవద్దు. బోరు నీళ్లు తాగుతూ పచ్చిపులుసు తాగితే, ఒక చేత్తో తీసింది ఇంకో చేత్తో మళ్లీ ఒంట్లో పోసుకున్నట్టే. అదే బృందం 2018లో ప్రచురించిన మరో అధ్యయనం సురక్షితమైన నీళ్లు అయిదేళ్లు అందిన పిల్లల్లో ఫ్లోరోసిస్ తీవ్రత తగ్గిందని తేల్చింది. మందు అంటూ ఉంటే అదీ.

480 మంది అభ్యర్థులు

ఇంత తెలిసినా నీళ్లు వాటంతట అవి రాలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ బరిలో అభ్యర్థుల సంఖ్య మొత్తం 480కి చేరింది. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. పోలింగే వాయిదా పడింది. ఆ తర్వాత దేశమంతటా లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. ప్రయోగశాలల్లో పుట్టిన నిజానికి వీధిలో గొంతు దొరికింది అప్పుడే. 2000ల మొదట్లో హైదరాబాదు దాహం తీర్చే కృష్ణా పైపులు ఈ జిల్లా మీదుగానే పోయాయి. పైపుల పక్క ఊళ్లు ఇంకా ఎదురుచూశాయి.

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. ఇంటింటికీ నల్లా, నల్లాలో నది నీళ్లు. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు 2020 నాటికి సున్నాకు వచ్చాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇది చిన్న విజయం కాదు.

సున్నా తర్వాత

ఆవాసాల లెక్క సున్నా కావచ్చు, ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ సున్నా కాదు. నలభై ఏళ్లు బోరింగు నీళ్లు తాగిన మనిషి నల్లా తిప్పగానే నిటారుగా నిలబడలేడు. అతుక్కున్న వెన్నును విడదీసే మందు ఇప్పటికీ లేదు. వాళ్లకు కావాల్సింది నొప్పి తగ్గించే వైద్యం, కీళ్లు కదిలించే ఫిజియోథెరపీ, నరాలు నలిగినవాళ్లకు సకాలంలో శస్త్రచికిత్స, ఇంట్లో ఆసరా. పరిశోధకులు వాళ్ల ఎక్స్‌రేలు తీసుకున్నారు, రక్తం తీసుకున్నారు, మూత్రం తీసుకున్నారు. ఆ రుణం తీరాలి.

రెండో సంగతి, బోర్లు మూతపడలేదు. నల్లా రాని రోజున, పైపు పగిలిన వారంలో, పొలం దగ్గర కూలి పనిలో మళ్లీ బోరు నీళ్లే దిక్కు. అన్నం వండే నీళ్లూ లెక్కలోకి వస్తాయన్నది చాలామందికి తెలియదు. అందుకే ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఏటా కొలిచి, ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయాలి. బడిలో రెండో తరగతి, అయిదో తరగతి పిల్లల పళ్లు ఏటా చూడాలి. మిషన్ భగీరథ తర్వాత పుట్టిన పిల్లలకు పళ్లు తెల్లగా వస్తే పథకం పనిచేసినట్టు. చారలు కనిపిస్తే ఆ ఇంటికి ఏ నీళ్లు అందుతున్నాయో వెతకాలి. ఇంతకన్నా నిజాయతీ గల తనిఖీ లేదు.

ఫ్లోరైడ్ మీద ప్రాంతీయ పరిశోధన కేంద్రం చౌటుప్పల్ దగ్గర వస్తుందన్న మాట ఏళ్ల తరబడి నలిగి, 2022 మునుగోడు ఉప ఎన్నికలో మళ్లీ వివాదమైంది. ఈలోగా ఇదే జిల్లాలో, రామన్నపేట రైలు దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ 2019లో వైద్య విద్యార్థులను చేర్చుకుని మొదలైంది. దేశంలో ఫ్లోరోసిస్ చదువుకు ఇంతకంటే తగిన చోటు ఎక్కడుంది? నల్లా నీళ్లు తాగే మొదటి తరం ఎలా ఎదుగుతోందో, వంగిన తరం ఎలా ముదిమిలోకి వెళుతోందో పాతికేళ్ల పాటు వెంట ఉండి చూసే అధ్యయనం ఇక్కడి నుంచే రావాలి.

ఇంట్లోనే చూసుకోండి

• నిలబడి మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోండి.
• గడ్డాన్ని ఛాతీకి ఆనించండి.
• రెండు చేతులూ తల వెనక కలపండి.
• వీటిలో ఏదైనా చేయలేకపోతే, చేస్తే నొప్పి పుడితే, డాక్టరుకు మీరు తాగిన నీళ్ల సంగతి కూడా చెప్పండి.
• పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, జామ తినండి. నల్ల ఉప్పు, చిక్కటి టీ తగ్గించండి. వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.
• తాగడానికే కాదు, వంటకూ నల్లా నీళ్లే వాడండి.

సిద్దిఖీ పరీక్షించిన ఆ 32 మంది పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఒప్పుకుని ఎక్స్‌రే గదిలో నిలబడ్డందుకే నల్లగొండ బాధ లోకానికి తెలిసింది. వాళ్ల మనవలకు నల్లా వచ్చింది. ఇప్పుడు ప్రతి పంచాయతీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడాది మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? జవాబు అంకెల్లో వచ్చేదాకా ప్రతి గ్రామసభలో అడుగుతూనే ఉండాలి.