చిట్టెలుక ఈత, యల్లాప్రగడ ఏటీపీ

రామచంద్రపురంలో బైపీసీ చదివే పిల్లలకు ఏటీపీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కణం పనులకు కావాల్సిన శక్తినిచ్చే అణువది. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరు గోదావరికి ఆవలి వైపున, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ సంగతి 1929లో ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. కండరంలో దొరికిన ఆ అణువుకూ, చదివిన పాఠం గుర్తుండటానికీ పెద్ద లంకే ఉంది. అది బయటపడింది చిట్టెలుకల వల్ల.

పాలలా తెల్లగా చేసిన నీళ్ల తొట్టిలో ఎలుకను వదులుతారు. నీటి మట్టానికి కాస్త కింద, కంటికి ఆనకుండా చిన్న దిమ్మె ఉంటుంది. ఎలుకకు ఈత వచ్చు గానీ నీళ్లలో ఉండటం గిట్టదు. మొదట తొట్టంతా కలయదిరిగి ఎలాగో దిమ్మె ఎక్కుతుంది. గదిలోని గుర్తులు చూసుకుంటూ కొద్ది రోజుల్లోనే చోటు పట్టేస్తుంది. ఇక ఏ పక్క నుంచి వదిలినా తిన్నగా అక్కడికే ఈదుతుంది. రిచర్డ్ మోరిస్ రూపొందించిన పరీక్ష ఇది.

1992లో అమెరికాలో అల్సినో సిల్వా, సుసుము టోనెగావా బృందం మెదడులో ఒక ఎంజైము తయారవకుండా జన్యువును తీసేసిన చిట్టెలుకలను ఇలాగే ఈదించింది. దిమ్మె చోటు నేర్చుకోవడంలో అవి బాగా వెనకబడ్డాయి.

ఆ ఎంజైము పేరు కామ్‌కైనేజ్-2. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట మెండుగా ఉంటుంది. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు కణంలోకి కాల్షియం వస్తుంది, దాంతో ఎంజైము మేలుకుంటుంది. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తెంపి పక్కనున్న ప్రొటీన్లకు అతికిస్తుంది. తనకు తానూ ఒకటి అతికించుకుంటుంది. కాల్షియం వెళ్లిపోయాక కూడా అది మేలుకునే ఉండటానికి కారణం ఇదే. 1998లో శాస్త్రవేత్తలు ఈ ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి చూశారు. ఎంజైము ఉంది, తనకు ఫాస్ఫేటు అతికించుకునే చోటు మాత్రం పోయింది. ఆ ఎలుకలకు దిమ్మె జాడ పట్టుబడలేదు.

అతికించేది ఉన్నట్టే ఊడదీసేదీ ఉంది. 2002లో స్విట్జర్లాండ్‌లో ఇసబెల్ మాన్సుయ్ బృందం చిట్టెలుకల్లో పీపీ1 అనే అలాంటి ఎంజైమును అణిచిపెట్టింది. మామూలు ఎలుకలకు మధ్యమధ్య ఎక్కువ విరామమిచ్చి నేర్పితేనే బాగా ఒంటబడుతుంది. ఈ ఎలుకలు తక్కువ విరామంతోనే నేర్చుకున్నాయి. నేర్చింది చాలాకాలం నిలుపుకున్నాయి, ముసలివి కూడా. అంటే మరుపును బుద్ధిమాంద్యమనుకోవడం సరికాదు, దాని వెనకా ఒక ఎంజైము పనిచేస్తోంది. తెల్లవార్లూ పిల్లల చేత బట్టీ పట్టించే కాలేజీలు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ విరామాలిచ్చి చదివితే ఎక్కువ గుర్తుంటుందని మనుషుల మీద జరిపిన పరీక్షల్లోనూ ఎప్పుడో తేలింది.

బుద్ధి వికాసం మందగించిన కొందరు పిల్లల్లో కామ్‌కైనేజ్-2 జన్యువులే దెబ్బతిన్నాయని 2017లో పరిశోధకులు గుర్తించారు. చాలామందిలో ఆ మార్పులు తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, పిల్లల్లో కొత్తగా పుట్టినవి. తల్లి ఏదో తప్పు చేసిందని గొణిగే బంధువులకు చూపించడానికి అలాంటి ఇళ్లకు ఇప్పుడు ఒక జన్యు పరీక్ష ఉంది.