ఆకాశ్‌ను తూచి చూస్తే

2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ చేతుల మీదుగా ఆకాశ్ టాబ్లెట్ విడుదలైంది. అప్పటికి ఐప్యాడ్ వచ్చి ఏడాదిన్నర. అమెరికాలో దాని కనీస ధర 499 డాలర్లు. ఆకాశ్‌ను డేటావిండ్ సంస్థ మన ప్రభుత్వానికి 50 డాలర్ల లోపే ఇస్తానంది. రాయితీ పోగా విద్యార్థి చేతికి 35 డాలర్లకే అందించాలన్నది సర్కారు ఆశ. ప్రాజెక్టు బాధ్యత రాజస్థాన్ ఐఐటీది. విడిభాగాలను బిగించింది మాత్రం మన దగ్గరే, హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్‌లో.

వచ్చినంత వేగంగానే దానికి చెడ్డపేరూ వచ్చింది. చవక సరుకు ఇంతకన్నా ఎలా ఉంటుందని చాలామంది తేల్చేశారు. నాకు ఆ తీర్పు అన్యాయమనిపిస్తుంది. ధర తగ్గించడానికి ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఆకాశ్‌లో ఏం వదులుకున్నారు, ఏం వదులుకోలేదు అన్నదాన్ని విడివిడిగా చూస్తేనే ఆ యంత్రం మంచీచెడ్డా తెలుస్తాయి.

ముందు వదులుకోనివి చూద్దాం. ఆకాశ్ ర్యామ్ 256 ఎంబీ. ఇప్పటి లెక్కలో చాలా తక్కువే, కానీ 2010 నాటి మొదటి ఐప్యాడ్‌లో ఉన్నదీ సరిగ్గా అంతే. తెర 7 అంగుళాలు, 800×480 పిక్సెళ్లు. అంటే అంగుళానికి 133 పిక్సెళ్లు. ఐప్యాడ్ తెరలో 132. కాబట్టి అక్షరాల నునుపులో రెంటికీ తేడా లేనట్టే. ఐప్యాడ్‌కు లేని యూఎస్‌బీ పోర్టులు ఆకాశ్‌కు రెండున్నాయి. కీబోర్డు తగిలించుకోవచ్చు, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు. 32 జీబీ దాకా మెమరీ కార్డు వేసుకోవచ్చు. ఇంట్లో వైఫై అరుదైన ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. కాలేజీలో పాఠాల వీడియోలు కార్డులోకి ఎక్కించుకుని, నెట్ లేని ఊళ్లో కూర్చుని చూడవచ్చు. ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జే అయినా, వీడియో విప్పే పని కోసం అందులో ప్రత్యేక భాగం ఒకటుంది. ఆ భారం ప్రధాన ప్రాసెసర్ మీద పడదు. పాఠం చూడటానికి పనికొచ్చిన పరికరం, నాలుగు బొమ్మలున్న వెబ్ పేజీ తెరవడానికి ఆయాసపడటానికి కారణం ఇదే. పేజీని పేర్చే పని పూర్తిగా ప్రధాన ప్రాసెసర్‌దే మరి.

అసలు చిక్కు తెరను ముట్టుకోవడంలో వచ్చింది. ఆకాశ్‌ది రెసిస్టివ్ తెర. ఈ పద్ధతికి 1970ల మొదట్లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ హర్స్ట్ పునాది వేశాడు. ఇందులో రెండు పొరలుంటాయి. పైది వంగే ప్లాస్టిక్, కిందిది గాజు. ఎదురెదురు ముఖాల మీద ఇండియం టిన్ ఆక్సైడ్ పూత పూస్తారు. అది వెలుతురునీ పోనిస్తుంది, కరెంటునూ పోనిస్తుంది. పొరలు ఊరికే తాకకుండా నడుమ కంటికి ఆనని చుక్కలు పరుస్తారు. ఒక పొరకు ఎడమ అంచున సున్నా, కుడి అంచున 3.3 వోల్టులు ఇచ్చామనుకోండి. నొక్కిన చోట పై పొర కుంగి కింది పొరను తాకుతుంది. అక్కడ ఎంత వోల్టేజీ ఉందో రెండో పొర చదువుతుంది. 1.65 వస్తే నొక్కింది సరిగ్గా మధ్యలో అన్నమాట. వెంటనే రెండు పొరలూ పనులు మార్చుకుని, పైనుంచి కిందికి ఎంత దూరమో కూడా ఇలాగే కొలుస్తాయి.

చక్కని పద్ధతే, తయారీ చవక కూడా. కాకపోతే పొర కుంగాలంటే బలంగా నొక్కాలి. వేలు తేలిగ్గా జారిస్తే మధ్యలో ఎక్కడో స్పర్శ తెగిపోతుంది. ఇక రెండు వేళ్లు పెడితే పొరలు రెండు చోట్ల కలుస్తాయి గానీ, చదవడానికి వచ్చే వోల్టేజీ ఒక్కటే. ఆ రెండింటి నడుమ ఎక్కడో ఒకే వేలు పెట్టినట్టు యంత్రం భ్రమిస్తుంది. అందుకే రెండు వేళ్లతో బొమ్మను సాగదీయడం ఇక్కడ కుదరదు. ఐప్యాడ్‌లోని కెపాసిటివ్ తెర వేరు. వేలు ఆనగానే ఆ చోట విద్యుదావేశంలో వచ్చే మార్పును అది పసిగడుతుంది. నొక్కక్కర్లేదు, ఆనిస్తే చాలు. ఎన్ని వేళ్లు పెట్టినా విడివిడిగా లెక్కపెడుతుంది.

రెసిస్టివ్ తెరను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గోరుతో, పెన్ను మొనతో, చేతికి తొడుగున్నా కూడా అది పనిచేస్తుంది. సన్నని పుల్లతో లెక్క చేయడానికీ, అక్షరాలు దిద్దడానికీ అదే నయం. తప్పు జోడీ కట్టడంలో జరిగింది. ఆకాశ్‌లో వేసిన ఆండ్రాయిడ్ 2.2 వేలితో తేలిగ్గా తోయడాన్నీ, ఆనించి ఉంచడాన్నీ నమ్ముకుని రూపొందిన వ్యవస్థ. మొనతో నొక్కే తెర మీద వేలితో జార్చే సాఫ్ట్‌వేర్‌ను కూర్చోబెట్టారు. అదే తెరకు పెన్నుతో రాసే పుస్తకంలాంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చి ఉంటే, చవక తెరే దాని బలమయ్యేది. ఇది నా గట్టి అభిప్రాయం.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో ఇబ్బంది. ఆండ్రాయిడ్ 2.2 తనంతట తాను తెలుగు చూపలేదు. వెబ్ పేజీలో తెలుగు ఉన్న చోటల్లా డబ్బాలు కనబడేవి. ఫాంటును లోపలే మోసుకొచ్చే పీడీఎఫ్ ఒక్కటే దిక్కు. అదీ ఎంతవరకు? ఏ4 పేజీ వెడల్పు 8.27 అంగుళాలు. టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ వెడల్పంతా 480 పిక్సెళ్లలో ఇమడాలి. అంగుళానికి 58 పిక్సెళ్లన్నమాట. 11 పాయింట్ల అక్షరానికి దక్కేది 9 పిక్సెళ్ల ఎత్తు. ఇంగ్లీషు అక్షరం ఆ తొమ్మిదిలో ఎలాగో బతుకుతుంది. మనకు పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘శాస్త్రం’ అన్న మాటలో త ఒత్తూ, దాని పక్కన క్రారవడీ ఆ తొమ్మిది పిక్సెళ్లలోనే సర్దుకోవాలి. సర్దుకోలేక మసకబారిపోతాయి. అడ్డంగా తిప్పితే అక్షరానికి 15 పిక్సెళ్లు దొరికి చదవడానికి వీలవుతుంది. కానీ అప్పుడు తెర మీద సగం పేజీ కూడా పట్టదు. మాటిమాటికీ పేజీని పైకి తోయాలి. బలంగా నొక్కితే గానీ కదలని తెర మీద ఆ తోయడం ఎంత విసుగో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో లోపం విడిగా చిన్నదే. ఒకదాని మీద ఒకటి వచ్చి పడినప్పుడే చదువుకునే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు.

బ్యాటరీ లెక్క కూడా ఆసక్తికరమే. ఆకాశ్‌ది 2100 మిల్లీ ఆంపియర్ గంటలు. లిథియం సెల్‌కు మామూలుగా ఉండే 3.7 వోల్టులతో గుణిస్తే సుమారు 7.8 వాట్ గంటలు. తయారీదారు చెప్పింది 3 గంటలు. అంటే సగటున 2.6 వాట్ల ఖర్చు. ఐప్యాడ్ బ్యాటరీ 25 వాట్ గంటలు, యాపిల్ చెప్పింది 10 గంటలు. అక్కడా ఖర్చు 2.5 వాట్లే. ఇంకా పెద్ద తెరనూ, దాదాపు మూడింతల వేగమున్న ప్రాసెసర్‌నూ ఐప్యాడ్ అంతే కరెంటుతో నడిపిందన్నమాట. ఆకాశ్ నిదానంగా నడిచినా పొదుపుగా నడవలేదు. బరువు మాత్రం కలిసొచ్చింది: ఐప్యాడ్ 680 గ్రాములైతే ఇది 350. ఒంటిచేత్తో పట్టుకుని చదవడానికి తేలిక. కానీ కరెంటు కోతలున్న ఊళ్లో, ఛార్జింగ్ ప్లగ్గులు లేని తరగతి గదిలో మూడు గంటలు ఏమూలకు?

2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్ 2ను విడుదల చేశారు. ఈసారి బాధ్యత బాంబే ఐఐటీది. ఏడాది తిరిగేసరికి, దాదాపు అదే ధరలో కెపాసిటివ్ తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 3000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ వచ్చాయి. మొదటి ఆకాశ్‌ను దెప్పినవాళ్లు ఈ సంగతి గమనించాలి. 50 డాలర్ల టాబ్లెట్ అన్న ఆలోచనలో దోషం లేదు, ఒక ఏడాది తొందరపడ్డారంతే. ఎలక్ట్రానిక్స్‌లో విడిభాగాల ధరలు అంత వేగంగా పడిపోతున్న కాలమది.

తెర మాత్రం 800×480 దగ్గరే ఆగింది. కాబట్టి ఏ4 కొలతలో అచ్చుకు సిద్ధం చేసిన తెలుగు పుస్తకం అందులోనూ అంతే మసక. దానికి మందు చిప్పుల్లో లేదు. 7 అంగుళాల పేజీకి తగ్గట్టు పెద్ద అక్షరాలతో, పొట్టి పంక్తులతో పాఠాలను మళ్లీ పేర్చాలి. అలా పేర్చిన పుస్తకం మొదటి ఆకాశ్‌లోనూ హాయిగా చదవగలిగేదే.