జోలపాట వింటే నిద్ర ఎందుకొస్తుంది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో పాత చీరతో తొట్టెల కడతారు. బాపమ్మ దాన్ని ఊపుతూ ‘జో... జో...’ అనగానే, అప్పటిదాకా ఇల్లు పీకి పందిరేసిన బుడ్డోడు మెత్తబడతాడు. ఎలా?

పుట్టడానికి ముందు, చివరి మూడు నెలల్లోనే బిడ్డ చెవులు పనిచేస్తుంటాయి. అమ్మ గొంతు, గుండె చప్పుడు అప్పుడే అలవాటవుతాయి. జోలపాటదీ అదే నెమ్మది నడక. తిరిగి తిరిగి వచ్చేదీ అదే మాట. తర్వాత ఏమొస్తుందో తెలిసినప్పుడు ఉలిక్కిపడే పనేముంది? పైగా పాట, ఊపు, వీపు మీద తట్టు ఒకే లయలో కలుస్తాయి. ఆ ఊపును పసిగట్టేది కూడా చెవి లోపలి భాగమే!

అర్థం తెలియాలా? అక్కర్లేదు. హార్వర్డ్ పరిశోధకులు పసిపిల్లలకు తెలియని భాషల జోలపాటలు వినిపించారు. వేరే పాటలకన్నా వీటికే గుండె వేగం ఎక్కువ తగ్గిందని 2020లో ప్రకటించారు.

అన్నమయ్య (1408–1503) అంతటివాడూ జోలపాట కట్టాడు. కానీ బాపమ్మ పాటకు కాగితం ఉండదు. పాత రాగంలోనే మనవడి పేరు, మేనమామ పేరు, వాకిట్లో దుడ్డెను కూడా ఇరికించేస్తుంది. మీ పాటలో ఎవరెవరు ఉన్నారో ఈ రాత్రి అడిగి చూడండి.