పాఠం 9: మధ్యవయసులో సున్నిత చర్మం - దాంపత్య సుఖానికి సౌమ్యమైన ఉత్పత్తుల ఎంపిక

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మధ్యవయసులో స్త్రీల జననాంగ చర్మం ఎందుకు సున్నితమవుతుందో వివరించగలుగుతారు.
- మాయిశ్చరైజర్‌కు, లూబ్రికెంట్‌కు మధ్య భేదాన్ని తెలుపగలుగుతారు.
- పెట్టె మీది పదార్థాల జాబితా చదివి, సరిపడేదాన్ని ఎంచుకోగలుగుతారు.
- ఏ లక్షణాలు కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్ళాలో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

కొన్నేళ్ళ కిందట రాజమహేంద్రవరంలో ఒక ఆదివారం కాంటాక్టు క్లాసు ముగిశాక, నలభై ఏడేళ్ళ విద్యార్థిని ఒకరు అందరూ వెళ్ళేదాకా ఆగారు. "మేడం గారండీ, ఇది పాఠంలో లేని సంగతండి" అని మొదలుపెట్టారు. ఆమె గర్భసంచి తీయించుకుని అయిదేళ్ళయింది. భర్త దగ్గరకు వస్తే లోపల గీరినట్టు మంట. ఆ మాట చెప్పలేక, రోజూ రాత్రి ఏదో పని కల్పించుకుని వంటింట్లోనే ఉండిపోయేవారు. "ఆయనేమో నాకు తన మీద మనసు విరిగిపోయిందనుకుంటున్నారండి" అన్నారు. దురద తగ్గుతుందని ఎవరో చెబితే ఒక క్రీము రాశారు. మొదట తగ్గినట్టే తగ్గి, తరువాత మంట రెట్టింపయింది.

అది పాఠంలో లేని సంగతి కాదు, ఉండవలసిన సంగతి. ఈ బాధ వయసు విధించిన శిక్ష కాదు, మనసు విరిగిందనడానికి గుర్తూ కాదు. చర్మంలో వచ్చిన మార్పు దానికి కారణం. కారణం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. పలచబడిన చర్మానికి ఎన్ని పదార్థాలు తక్కువగా తగిలితే అంత మేలు. ఈ పాఠమంతటికీ ఇదే మూలసూత్రం.

మీలో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా పనిచేస్తున్నవారు ఉంటారు. ఇళ్ళలో ఈ వయసు అమ్మలు, అక్కలు, అత్తలు ఉన్నవారు అందరూ. పురుష విద్యార్థులు కూడా దీన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

9.2 చర్మం ఎందుకు సున్నితమవుతుంది?

అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోను యోని లోపలి పొరను మందంగా, తడిగా, సాగేలా ఉంచుతుంది. ఆ పొరలోని కణాల్లో గ్లైకోజన్ నిల్వ ఉంటుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అందువల్ల సంతానోత్పత్తి వయసులో యోని పీహెచ్ 3.8 నుంచి 4.5 వరకు, అంటే ఆమ్లగుణంతో ఉంటుంది. హానికర క్రిములకు ఇది సహజమైన అడ్డుకట్ట.

ముట్లు ఆగిపోయే దశలో ఈస్ట్రోజన్ తగ్గుతుంది. పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది, పీహెచ్ సాధారణంగా 5 దాటుతుంది. మంట, దురద, కలయికలో నొప్పి, తరచూ మూత్ర ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఈ లక్షణాలన్నిటినీ కలిపి 2014లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఒకే పేరు పెట్టాయి: జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్. వేడి ఆవిర్లు కొన్నేళ్ళకు వాటంతట అవే తగ్గవచ్చు. ఈ పొడిదనం మాత్రం పట్టించుకోకపోతే సాధారణంగా పెరుగుతూనే ఉంటుంది.

మన రాష్ట్రానికి సంబంధించి ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2019-21 నాటి 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం ఉన్నారు. ఆపరేషన్‌లో అండాశయాలను కూడా తీసివేస్తే ఈస్ట్రోజన్ క్రమంగా కాక ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో రజోనివృత్తి కాస్త ముందే వస్తుంది. కాబట్టి మన ప్రాంతంలో ఈ సమస్యను యాభై దాటినవారిదిగా మాత్రమే చూడకూడదు. నలభైలోపు స్త్రీలలోనూ ఉండవచ్చు. ఆపరేషన్ అయినవారు తమ డిశ్చార్జి కాగితంలో అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది చూసుకోవాలి.

9.3 కొనే ముందు మానవలసినవి

కొత్తది కొనడానికి ముందు, ఇప్పటికే చర్మాన్ని బాధపెడుతున్నవాటిని ఆపాలి.

1. సబ్బు, క్రిమినాశక ద్రావణాలు: ఒంటి సబ్బు పీహెచ్ సాధారణంగా 9-10 మధ్య ఉంటుంది. బయటి భాగాన్ని మామూలు నీటితో కడిగితే చాలు. లోపలికి నీళ్ళు చిమ్మి కడగకూడదు.
2. సున్నిపిండి, పసుపు, టాల్కం పౌడర్: ఒంటికి మంచివైనా పలచబడిన ఈ చర్మానికి గరుకు. నలుగు అక్కడిదాకా వద్దు.
3. తడి బట్టలు: గోదావరి జిల్లాల ఉక్కపోతలో చెమట పట్టిన నైలాన్ లోదుస్తులు గంటల తరబడి ఒరుసుకుంటాయి. వదులైన నూలు బట్టలు మేలు.
4. స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు: పైన చెప్పిన విద్యార్థిని వాడినది ఇలాంటిదే. స్టెరాయిడ్ దురదను అణచివేస్తుంది, కాని ఇష్టం వచ్చినట్టు వాడితే చర్మాన్ని ఇంకా పలుచన చేస్తుంది. వైద్యుడు చెప్పిన రకాన్ని, చెప్పినన్ని రోజులే రాయాలి.

చాలామందికి ఈ నాలుగూ మానేసిన రెండు మూడు వారాల్లోనే మంట కొంత తగ్గుతుంది.

9.4 ఉత్పత్తులలో రకాలు

మాయిశ్చరైజర్: ఇది రోజువారీ పొడిదనానికి. కలయికతో సంబంధం లేకుండా సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు రాత్రిపూట వాడతారు. పొరకు అంటిపెట్టుకుని తడిని నిలుపుతుంది. హయాలురోనిక్ ఆమ్లం ఉన్న రకాలు దొరుకుతున్నాయి.

లూబ్రికెంట్: ఇది కలయిక సమయంలో ఒరిపిడి తగ్గించడానికి. అప్పటికప్పుడు పనిచేస్తుంది, తరువాత ప్రభావం పోతుంది. నిత్యం పొడిదనం ఉన్నవారికి రెండూ అవసరం కావచ్చు. లూబ్రికెంట్లు మూడు రకాలు.

(అ) నీటి ఆధారితం: తేలికగా కడిగేయవచ్చు, కండోమ్‌లతో వాడవచ్చు. త్వరగా ఆరిపోతుంది, మళ్ళీ రాసుకోవాలి. సున్నిత చర్మానికి పదార్థాల జాబితా చూసి ఎంచుకోవలసింది ఎక్కువగా దీనిలోనే.
(ఆ) సిలికోన్ ఆధారితం: ఆరిపోదు, చర్మంలోకి ఇంకదు, కండోమ్‌లను పాడుచేయదు. చాలా పొడిగా ఉన్నవారికి అనుకూలం. దుప్పట్ల మీద పడితే మరక పోవడం కష్టం.
(ఇ) నూనె ఆధారితం: మన ప్రాంతంలో దీని పేరు కొబ్బరినూనె. కోనసీమలో ఇది లేని ఇల్లు ఉండదు. చాలామందికి పడుతుంది కూడా. అయితే నాలుగు జాగ్రత్తలు అవసరం. వంటకు వాడే స్వచ్ఛమైన గానుగ నూనె వేరు, సువాసన కలిపిన తలనూనె వేరు, రెండవది పనికిరాదు. ఏ నూనె అయినా లాటెక్స్ కండోమ్‌ను నిమిషాల్లో బలహీనపరుస్తుంది. తరచూ ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చేవారు, మధుమేహం ఉన్నవారు నూనెకు దూరంగా ఉండటం మంచిది. ఇంటిల్లిపాదీ వేళ్ళు పెట్టే సీసాలోంచి కాక, విడిగా చిన్న సీసాలో పోసి ఉంచుకోవాలి.

9.5 లేబుల్ చదవడం ఎలా?

పీహెచ్: యోనిలో వాడేవాటికి సుమారు 4.5 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది.

ఆస్మోలాలిటీ: ఈ మాట కొత్తగా అనిపించినా, దీని పని మీకు తెలిసిందే. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది? ముక్కలోని నీరు బయటకు వచ్చి ఊట ఊరుతుంది, ముక్క ముడుచుకుంటుంది. ద్రావణం గాఢత ఎక్కువగా ఉంటే కణంలోని నీటిని బయటకు లాగుతుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అధికంగా ఉన్న జెల్ కూడా పలచబడిన పొర మీద ఇదే పని చేస్తుంది. రాసినప్పుడు జారుడుగా ఉండి, తరువాత మంట పుట్టడానికి ఇది ఒక కారణం. ఆస్మోలాలిటీ 380 లోపు ఉంటే ఉత్తమమనీ, 1200 మించకూడదనీ అదే సూచన చెబుతోంది. పెట్టె మీద ఈ అంకె లేకపోతే పదార్థాల వరుస చూడండి. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు రాస్తారు. నీటి తరువాత వెంటనే గ్లిజరిన్ ఉంటే మరొకటి వెదకడం మేలు.

వద్దనవలసినవి: సువాసన, రంగు, పండ్ల రుచి, మెంథాల్, వెచ్చదనం లేదా చల్లదనం కలిగిస్తుందనే ప్రకటన, నానాక్సినాల్-9 అనే వీర్యకణ నాశిని. అలర్జీ తత్వం ఉన్నవారు పారాబెన్‌లు లేనివి ఎంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక: మందుల షాపులో "జెల్లీ" అని మాత్రమే అడిగితే లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే జెల్లీ ఇవ్వవచ్చు. అది నొప్పి తెలియకుండా చేస్తుంది, గాయాన్ని ఆపదు. "నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్" అని స్పష్టంగా అడగండి.

పరీక్షించి వాడటం: ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడకపోతే జననాంగం బయటి భాగంలో చిటికెడు రాసి మరో రోజు ఆగండి. ఒకేసారి రెండు కొత్త ఉత్పత్తులు మొదలుపెట్టకండి. మంట పుడితే ఏది కారణమో తెలియదు.

ధర ఎక్కువైతే గుణం ఎక్కువని అనుకోవద్దు. 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రజోనివృత్తి పొందిన 302 మంది స్త్రీలకు 12 వారాలపాటు హార్మోను మాత్ర, మాయిశ్చరైజర్, మందులేని మామూలు జెల్ వేర్వేరుగా ఇచ్చి చూశారు. మూడు వర్గాలలోనూ బాధ దాదాపు ఒకే స్థాయిలో తగ్గింది. అందువల్ల సాదా జెల్‌తో ప్రారంభించడం తెలివైన పద్ధతి.

9.6 మసాజర్ వంటి సాధనాలు

ఒంటరిగా ఉన్నవారికి, భర్తకు అనారోగ్యం ఉన్నవారికి, దంపతులకు కూడా చిన్న కంపన సాధనాలు ఉపకరించవచ్చు. వీటిని వాడటం సిగ్గుపడవలసిన విషయం కాదు. ఇక్కడా సూత్రం ఒకటే. సూక్ష్మరంధ్రాలు లేని, నున్నటి, వాసనలేని పదార్థం కావాలి. మెడికల్ గ్రేడ్ సిలికోన్, స్టీలు, గట్టి బోరోసిలికేట్ గాజు ఇలాంటివి. మెత్తగా జెల్లీలా ఉండి ప్లాస్టిక్ వాసన వేసేవాటిలో థాలేట్‌లు ఉండవచ్చు, వాటిని కొనవద్దు. ఈ వస్తువుల భద్రతకు 2021లో ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. చిన్న పరిమాణం, తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. సిలికోన్ సాధనానికి సిలికోన్ జెల్ రాస్తే దాని పైపొర పాడవుతుంది, నీటి ఆధారిత జెల్ వాడాలి. ప్రతిసారీ గాఢత లేని సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా నీళ్ళతో తొలిచి, ఆరబెట్టాలి. ఇతరులతో పంచుకోకూడదు.

చట్టం మాటేమిటని మీరు అడగవచ్చు. అశ్లీల వస్తువుల అమ్మకాన్ని మన చట్టం నిషేధిస్తుంది. అయితే బాడీ మసాజర్లను ఆ కారణంతో కస్టమ్స్ అధికారులు ఆపిన కేసులో, 2024లో బొంబాయి హైకోర్టు అధికారుల వాదనను అంగీకరించలేదు.

9.7 వైద్యుని వద్దకు ఎప్పుడు?

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు. తెల్లని మచ్చలు, మానని పుండు, దుర్వాసనతో స్రావం, జ్వరంతో కూడిన మూత్రపు మంట ఉన్నా వెళ్ళాలి. రాజమహేంద్రవరం, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రులలో స్త్రీల వ్యాధుల విభాగాలున్నాయి. జెల్‌లతో తగ్గకపోతే వైద్యులు యోనిలో రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము సూచించవచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఆ సంగతి ముందుగా తప్పక చెప్పాలి.

భర్తతో మాట్లాడటం కూడా చికిత్సలో భాగమే. "ఏమండీ, మీ మీద ఇష్టం లేక కాదు, అక్కడ చర్మం పొడిబారి నొప్పిగా ఉంటోంది. డాక్టరు గారు జెల్ వాడమన్నారు, కాస్త నిదానంగా ఉందాం" అన్న ఒక్క మాట ఎన్నో అపార్థాలను తొలగిస్తుంది. తొందర లేని దగ్గరితనం వల్ల సహజమైన తడి కూడా కొంత పెరుగుతుంది.

ఆ రోజు నన్ను కలిసిన విద్యార్థిని క్రీము మానేశారు, వైద్యురాలికి చూపించుకున్నారు, సువాసన లేని సాదా జెల్ కొనుక్కున్నారు. పరీక్షల సమయంలో మళ్ళీ కనిపించినప్పుడు ఎలా ఉందని అడిగాను. నవ్వి, "ఇప్పుడు వంటిల్లు పెందరాళే సర్దేస్తున్నానండి" అన్నారు.

9.8 సారాంశం

ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల యోని పొర పలచబడి పొడిబారుతుంది. గర్భసంచితోపాటు అండాశయాలు తీసినవారిలో ఇది ముందే, ఒక్కసారిగా వస్తుంది. మొదట చర్మాన్ని బాధించేవి మానాలి. నిత్యం పొడిదనానికి మాయిశ్చరైజర్, కలయికకు లూబ్రికెంట్ వాడాలి. తగిన పీహెచ్, తక్కువ గాఢత, తక్కువ పదార్థాలు, సువాసన లేకపోవడం అనేవి ఎంపికకు ప్రమాణాలు.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రజోనివృత్తి తరువాత యోని పీహెచ్ ఎందుకు పెరుగుతుంది?
2. మాగాయ ఊట ఉదాహరణతో ఆస్మోలాలిటీని వివరించండి.
3. కొబ్బరినూనె వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ ఊరి మందుల షాపులో దొరికే ఒక లూబ్రికెంట్ పెట్టె మీది పదార్థాలను రాసుకుని, ఈ పాఠంలోని ప్రమాణాలతో పోల్చి ఒక పేజీ వ్యాఖ్య రాయండి.